వినబడిన నిమిషాలు

ప్రభుత్వ బడి టీచర్లకు ఇచ్చే జీతం ఎక్కువా తక్కువా అన్న సంగతి తేల్చే పని చివరికి ఇనప సామాన్ల కొట్టు షావుకారు మీద పడింది.

ఊళ్లో ఆయన్ని చాటున కొలబద్ద అంటారు, ఎదురుగా షావుకారు గారు అంటారు. పది మీటర్ల తాడు అడిగినవాడికి పది మీటర్లే ఇస్తాడు. బెత్తెడు తగ్గదు, బెత్తెడు పెరగదు. ఆయన దగ్గర కొన్న గొలుసును ఇంటికి తీసుకెళ్లి మళ్లీ కొలుచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, తేడా ఉందని తిరిగి వచ్చినవాడు ఇంతవరకు లేడు. పట్టణ సంఘం వేసిన ఏడుగురి కమిటీలో ఆయన్ని కలిపింది అందుకే.

మంగళవారం మధ్యాహ్నం మొదటి సమావేశం. బల్ల చుట్టూ ఏడుగురు, గోడ పక్కన స్టూలు మీద హెడ్మాస్టరు. హెడ్మాస్టరుకు ఓటు లేదు. ఏమన్నా అడిగితే చెప్పడానికి పిలిచారు.

మందుల షాపాయన లేచి, బల్ల మీద వేళ్లతో రెండుసార్లు తట్టాడు. నలభై దాటిన మనిషి. ఆయన నోరు తెరిస్తే గది మొత్తం అటు తిరుగుతుంది.

“చూడండీ. సంవత్సరానికి మూడు వందల అరవై అయిదు రోజులు. బడి నడిచేది రెండు వందల ఇరవై. మిగతా నూట నలభై అయిదు రోజులూ వాళ్లు ఇంట్లో కూర్చున్నందుకు డబ్బులిస్తున్నది...” అని ఆగాడు.

“మనం,” అన్నారు నలుగురు.

“దాని మీద పింఛను. పింఛను మీద మెడికల్ అలవెన్సు. గొంతు నొప్పట! నేను పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా షాపులో నిలబడే ఉంటాను. నా మోకాళ్లకి అలవెన్సు ఇచ్చేవాడు...”

“ఎవడూ లేడు!”

హెడ్మాస్టరు సర్దుకుని కూర్చున్నాడు. “సాయంత్రాలు దిద్దే పుస్తకాలుంటాయండీ. జనాభా లెక్కలకీ మమ్మల్నే పంపిస్తారు, ఎన్నికలకీ మమ్మల్నే...”

“నేను ఇంటికెళ్లి బిల్లులు చూసుకోనా మాస్టారూ? నాకెవరన్నా చప్పట్లు కొట్టారా?”

అందరూ నవ్వారు. షావుకారూ నవ్వాడు. ఆయన తన కొట్టును ఏడాదికి తొమ్మిది రోజులు మూస్తాడు. ఆ తొమ్మిది రోజులూ ఆయనకెవడూ పైసా ఇవ్వడు. మందుల షాపాయన మాట సబబుగానే ఉందనిపించింది.

పూర్వం నీటి పంపుల ఇంజనీరుగా చేసిన ఛైర్మన్ చెయ్యెత్తి నవ్వులు ఆపాడు. “మాటలతో తేలదు. కొలుద్దాం. ఒక టీచరు రోజుకి అసలు ఎన్ని నిమిషాలు పాఠం చెబుతోందో షావుకారు గారు రెండ్రోజులు కూర్చుని రాస్తారు. శుక్రవారం ఆ అంకె చూసి, అలవెన్సు ఉంచాలో తీసెయ్యాలో ఓటేద్దాం.”

బడిలో పదకొండు మంది టీచర్లు. పదకొండు చీటీలు రాసి గాజు గ్లాసులో వేశారు. షావుకారు ఒకటి తీశాడు. ఐదో తరగతి.

హెడ్మాస్టరు ముఖం పాలిపోయింది. “ఆవిడ పెద్దావిడండీ. ఇంకొకటి తీస్తే...”

“తీసింది తీసిందే,” అన్నాడు మందుల షాపాయన.

“నాదో షరతు,” అన్నాడు షావుకారు. “నేను గదిలో కూర్చోను. ఎదురుగా మనిషుంటే తూచేవాడి చెయ్యి మారుతుంది, నాకు తెలుసు. పక్క గదిలో కూర్చుంటాను. టీచరు గొంతు వినబడిన ప్రతి నిమిషానికీ ఒక గీత గీస్తాను. అంతే.”

హెడ్మాస్టరు ముఖంలోకి మళ్లీ నెత్తురు వచ్చింది. షావుకారు అది చూశాడు. దాన్ని ఏ ఖాతాలో రాసుకోవాలో మాత్రం ఆయనకు తెలియలేదు.

*

ఐదో తరగతి పక్కనున్నది సామాన్ల గది. కాళ్లు విరిగిన బెంచీలు, చుట్టి నిలబెట్టిన పటాలు, సుద్దముక్కల పెట్టెలు. మధ్యలో గోడ లేదు, చెక్కల తడిక ఉంది. షావుకారు ఉన్నవాటిలో గట్టి బెంచీ ఒకటి చూసుకుని, చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకుని, పుస్తకం తెరిచాడు.

తొమ్మిదింటికి గొంతు మొదలైంది. యాభై దాటిన ఆడమనిషి గొంతు. అడుగున కాస్త గరుకు, పైన నున్నన. ప్రతి వాక్యం చివర ఒక్క మాట ముందు ఆగుతుంది. ఆగినప్పుడు పిల్లలంతా ఆ మాట అందిస్తారు. మళ్లీ సాగుతుంది. షావుకారు గీతలు గీస్తూ పోయాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి.

మధ్యాహ్నానికి రెండు పేజీలు నిండాయి. ఇంతసేపు మాట్లాడతారని ఆయన అనుకోలేదు. తను కొట్లో రోజు మొత్తం మీద గంటసేపు మాట్లాడితే గొప్ప.

కానీ రెండు సంగతులు ఆయనకు మింగుడు పడలేదు. గొంతు ఆగినప్పుడు ఆ గదిలో ఏ చప్పుడూ ఉండదు. దగ్గు లేదు, కాలు రాచుకున్న శబ్దం లేదు, పక్కవాడి మీద ఫిర్యాదు లేదు. పదేళ్ల పిల్లలున్న గది అలా ఉండదు. ఆ నిశ్శబ్దంలో సుద్దముక్కతో బల్ల మీద టక్ టక్ మని రెండు దెబ్బలు పడతాయి, గొంతు మళ్లీ లేస్తుంది. అది ఒకటి. రెండోది, సాయంత్రం నాలుగింటికి కూడా ఆ గొంతు పొద్దున తొమ్మిదింటికి ఎలా ఉందో అలాగే ఉంది. ఏ సరుకైనా వాడితే అరగాలి. సాయంత్రానికి మెత్తబడని తాడు లేదు, వేడెక్కని రంపం లేదు. ఇదేమిటో పొద్దున్న మూట విప్పినట్టే ఉంది.

గీతలు కూడాడు. రెండు వందల ఎనభై ఏడు నిమిషాలు.

కొట్లో ఆయన కూతురు గల్లా దగ్గర కూర్చుని మేకులు తూయిస్తోంది. నాలుగేళ్లుగా కొట్టు సగం ఆమే నడుపుతోంది.

“ఎంత వచ్చింది నాన్నా?”

“రెండొందల ఎనభై ఏడు.”

“మా టీచరే కదా. అంతే మాట్లాడుతుంది. మమ్మల్ని ఊపిరి తీసుకోనిచ్చేది కాదు.” అని కొనేవాడి వైపు తిరిగింది. “ఏం బాబాయ్, ఆ సంచీ మోస్తావా, సంచీయే నిన్ను మోస్తుందా?”

*

గురువారం పదకొండింటికి షావుకారుకు దాహం వేసింది. కొళాయి ఆవరణలో ఉంది. గొంతు భూమి గురించి చెబుతోంది, అక్కడికి ఇంకా బాగా వినబడుతుంది. పెన్సిలూ పుస్తకమూ పట్టుకునే వెళ్లాడు. గడియారం చూసుకుని ఒక గీత గీసి తలెత్తాడు.

కొళాయి దగ్గర టీచరమ్మ నిలబడి ఉంది.

ఆవిడ్ని ఎరగనివాడెవడు? పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, భుజం మీద సుద్దపొడి. ఫ్లాస్కు కొళాయి కింద పెట్టి పడుతోంది. పెదవులు మూసి ఉన్నాయి. ఆవిడ వెనక, తెరిచిన కిటికీలోంచి ఆవిడ గొంతు వస్తోంది.

“భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలం...”

“ఇరవై నాలుగు గంటలు!”

ఎండ తెల్లగా ఉంది. షావుకారు చేతిలో పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. గడియారం ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఆ నిమిషానికి గీత గీయాలా వద్దా ఆయనకు తెలియలేదు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఏ సరుకు ముందూ ఆయన చెయ్యి అలా ఆగలేదు.

“అమ్మా,” అన్నాడు. “లోపల ఎవరు?”

టీచరమ్మ కొళాయి కట్టేసింది. ఆయన్ని చూసింది, ఆయన చేతిలో పుస్తకాన్ని చూసింది. నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు.

గదిలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు నిటారుగా కూర్చుని ఉన్నారు. నల్లబల్ల దగ్గర ఎవరూ లేరు. గొంతు మూడో వరసలోంచి వస్తోంది. బక్కపలచటి పిల్ల, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా ఖాళీ బల్లని చూస్తూ చెబుతోంది. పాలపళ్లు ఊడిన నోరు. అందులోంచి యాభై ఏళ్ల ఆడమనిషి మాట్లాడుతోంది. తలుపు దగ్గర కొత్త మనిషి నిలబడినా ఆ పిల్ల తల తిప్పలేదు.

టీచరమ్మ లోపలికి వెళ్లి సుద్దముక్క తీసుకుని రెండుసార్లు తట్టింది. పిల్ల ఆగింది. చివరి బెంచీలో ఒక కుర్రాడు అదే గొంతుతో, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకున్నాడు. కళ్లు మూసుకుంటే మనిషి మారినట్టు తెలియదు.

షావుకారు తన షరతు తానే మరిచిపోయి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

అప్పుడు చూశాడు పని అంటే ఏమిటో. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు, కానీ ఆమె పెదవుల మీద ముందు మాట ఏర్పడుతుంది, అర క్షణం తర్వాత అది పిల్లవాడి నోట్లోంచి వస్తుంది. మూడు వేళ్లు చూపిస్తే అందరూ మూడో పాఠం తెరుస్తారు. అరచెయ్యి కిందికి దించితే గొంతు తగ్గుతుంది. చూపుడువేలు లేస్తే చెప్పేవాడు తప్పు దగ్గరికి వెనక్కి వెళ్లి దిద్దుకుని వస్తాడు. ఒక చేత్తో బొమ్మ గీస్తూ, ఇంకో చేత్తో కిటికీ పక్క కునికే పిల్ల భుజం తట్టింది. మెడ మీద నరం తాడులా బిగుసుకుని ఉంది. ఏమీ మాట్లాడని మనిషికి నుదురంతా చెమట. ఏడు నిమిషాలకు, మహా అయితే ఎనిమిది నిమిషాలకు ఒక పిల్లని మార్చేస్తోంది. షావుకారు గడియారం చూశాడు. ఒక్కసారి కూడా పది దాటనివ్వలేదు. నిన్న సాయంత్రం వరకూ ఆ గొంతు ఎందుకు అరగలేదో ఆయనకు అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక, మూడో వరస పిల్ల మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీస్తోంది. మిగతా పిల్లలు పిచ్చిక అని పిలుస్తున్నారు. షావుకారు పక్కన కూర్చున్నాడు.

“ఎప్పట్నుంచమ్మా ఇలా?”

“సెలవుల తర్వాత బడి తెరిచినప్పట్నుంచి.” ఇప్పుడు ఆ గొంతు సన్నగా, నిజంగా పిచ్చిక గొంతులానే ఉంది. “టీచర్ నోరు తెరిచింది. రాలేదు. ఎనిమిది నెలలైంది.”

“అలా మాట్లాడమని ఎవరు నేర్పారు?”

“ఎవరూ నేర్పలా. నాలుగో క్లాసులో ఉన్నప్పుడు టీచర్ గొంతు రోజూ వినబడేది. ఫస్టు మేం మామూలుగానే చెప్పాం, ఎవరికీ ఎక్కలేదు. టీచర్లా చెబితే ఎక్కింది.” ముద్ద నమిలి మింగింది. “మా అమ్మ తిడుతుంది తాతా. ఆ గొంతు ఇంట్లో పెట్టకే, నాకు భయమేస్తోంది అంటుంది. మొన్న నిద్దట్లో మాట్లాడానంట. మా తమ్ముడు లేచి పలక తెచ్చుకుని కూర్చున్నాడంట.”

షావుకారుకు నవ్వు రావాలి. రాలేదు.

“మీరు రాసేస్తారా?” అంది పిల్ల. “మీరు రాస్తే టీచర్ని పంపించేస్తారంట కదా.”

హెడ్మాస్టరు తన గదిలో తలుపు వేసి అదే మాట చెప్పాడు. టీచరమ్మకు సర్వీసు పూర్తి కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈలోగా పనికి రాదని తేలితే ఇంటికి పంపేస్తారు, పింఛను సగమే వస్తుంది.

“మీరు అబద్ధం ఆడక్కర్లేదు షావుకారు గారూ. నిన్న రెండొందల ఎనభై ఏడు నిమిషాలు పాఠం వినబడిందా లేదా? వినబడింది. ఆ ముక్కే రాయండి. మీ కొలత తప్పినట్టూ కాదు, ఆవిడ పొట్ట కొట్టినట్టూ కాదు.”

షావుకారు కొట్టుకు వచ్చి తెల్లకాగితం మీద శుభ్రంగా రాశాడు. ‘పాఠం వినబడిన నిమిషాలు: రెండు వందల ఎనభై ఏడు.’ మళ్లీ చదువుకున్నాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తూకం సరిగ్గా ఉంది. మూటలో సరుకే వేరు.

*

నాలుగున్నరకు టీచరమ్మ కొట్టుకు వచ్చింది. కూతురు గల్లా దిగి కుర్చీ తుడిచి వేసింది. “కూర్చోండి టీచర్. నీళ్లు తాగుతారా?”

టీచరమ్మ కూర్చోలేదు. కాగితం కోసం చెయ్యి చాచింది. షావుకారు ఇచ్చాడు. ఆవిడ చదివి, సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, అలవాటు కొద్దీ ‘వినబడిన’ అన్న మాట కింద గీత గీసింది. పక్కన ఏదో రాసి తిరిగి ఇచ్చింది. షావుకారు కళ్లజోడు అద్దం పగిలి బాగుచేయడానికి ఇచ్చి ఉంది. చిన్న అక్షరాలు ఆనలేదు.

“ఏం రాశారే?”

“ఎవరి గొంతు, అని రాశారు,” అంది కూతురు. “అదేంటి టీచర్?”

టీచరమ్మ బిల్లు పుస్తకం లాక్కుని, వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. నిలబడే, వేగంగా, తల ఎత్తకుండా రాసింది.

“అమ్మా, ఇది మీ మంచికే,” అన్నాడు షావుకారు. “ఇలా ఇస్తే ఎవరూ ఏమీ అడగరు.”

ఆవిడ కాగితం చింపి కూతురి చేతిలో పెట్టింది. కూతురు పైకి చదవసాగింది.

“నా మంచికే అని నాకు తెలుసు. ఈ అంకె చూసి వాళ్లేమంటారు? ముప్పై నాలుగేళ్లు చెప్పినా గొంతు ఇంత గట్టిగా ఉంటే ఇక అలవెన్సు ఎందుకు అంటారు. బడిలో పదకొండు మందిమి. నలుగురికి సాయంత్రానికి మాట రావడం లేదు. ఇప్పుడు చూపించుకుంటే వాళ్లకి నయమవుతుంది. నా రోజుల్లో ఆ డబ్బు లేదు. వచ్చేసరికి నాకు మిగిలింది...”

కూతురు అక్కడ ఆగింది. కాగితంలో వాక్యం అక్కడ ఆగలేదు, ఆగింది ఆమె.

షావుకారు కాగితాన్ని చూడడం లేదు, టీచరమ్మ ముఖాన్ని చూస్తున్నాడు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. అర క్షణం ఆగి, ఆ మాటలు గల్లా పక్కనుంచి వస్తున్నాయి. అడుగున గరుకు, పైన నున్నన. బేరాలు తెగ్గొట్టే గొంతు. అప్పుల వాళ్లను నవ్వించి వసూలు చేసే గొంతు. తల్లి చచ్చిపోయిన రోజు, నాన్నా లే, కాస్త నీళ్లు తాగు అన్న గొంతు. ఇరవై ఏళ్లుగా అది తన ఇంట్లో పుట్టిందనుకున్నాడు.

“నిశ్శబ్దం,” అని కూతురు పూర్తి చేసింది. ఆమెకేమీ తెలియలేదు. కిందికి చూసి కంగారు పడింది. “నాన్నా, సున్నా అని రాయమంటున్నారు.”

“సగం పింఛను పోతుందమ్మా,” అన్నాడు షావుకారు. ఆయన గొంతు ఆయనకే పీలగా వినబడింది. “బతికినంత కాలం, నెలనెలా సగం. ఆలోచించారా?”

టీచరమ్మ ఇంకో కాగితం చింపలేదు. కూతురి చేతిలో ఉన్న దానిమీదే మూడు మాటలు రాసింది.

“లెక్క నాకు వచ్చు,” అని చదివింది కూతురు.

ఆవిడ వెళ్లాక షావుకారు గునపాల గుట్ట దాటి రేకులు కోసే మిషను దగ్గరికి వెళ్లాడు. దాన్ని కొన్న రోజు నుంచి, దాని అరుగుదలకు ఏటా ఇంతని పక్కన పెడుతూ వచ్చాడు. రంపం పళ్లకు కూడా ఆ లెక్క ఉంది. అరిగేదానికి లెక్క కట్టనివాడు వ్యాపారస్తుడే కాదని కుర్రాళ్లకు ఎన్నోసార్లు చెప్పాడు. అంకె కొట్టేసి కొత్త కాగితం తీశాడు.

*

శుక్రవారం సమావేశానికి జనం వచ్చారు. గోడల వెంట బెంచీలు వేశారు. టీచరమ్మ వెనక బెంచీలో, మూల కూర్చుంది.

షావుకారు లేచి కాగితం చదివాడు. “రెండు రోజులు కొలిచాను. బుధవారం, ఐదో తరగతిలో పాఠం వినబడింది రెండు వందల ఎనభై ఏడు నిమిషాలు. అందులో టీచరు గొంతు సున్నా. మిగతాదంతా పిల్లల గొంతు. టీచరుకి ఎనిమిది నెలలుగా మాట లేదు. ముప్పై నాలుగేళ్ల పనిలో అరిగిపోయింది. ఆ గొంతుకి అరుగుదల మనం ఏనాడూ కట్టలేదు. ఇంకో నలుగురికి అరుగుతోంది.”

ముందు ఎవరో నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మందుల షాపాయన లేచి బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

“అంటే ఏంటండీ? నోట మాట రాని మనిషికి ఎనిమిది నెలలుగా జీతం ఇచ్చింది...” అని ఆగాడు.

ఎవరూ అందించలేదు.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేం లేదు. ఆ ఖాళీని అక్కడున్న సగం మంది ఎక్కడో విన్నారు. మెడలు ఒక్కొక్కటే వెనక మూలకు తిరిగాయి. మందుల షాపాయనా తిరిగి చూశాడు. టీచరమ్మ పెదవులు అప్పుడే మూసుకున్నాయి. ఆయన వాక్యం ముందే అక్కడ పలికి అయిపోయి ఉంది.

“నేను ఆవిడ మొదటి బ్యాచీ,” అన్నాడు ఆయన. ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. చేతిని బల్ల మీది నుంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా తన గొంతును తనే అనుమానంగా వింటున్నట్టు, ముక్కలు ముక్కలుగా మాట్లాడాడు.

ఓటింగు గంట సాగింది. అలవెన్సు తీసెయ్యాలని ముగ్గురు, ఉంచాలని నలుగురు. ముగ్గురూ ఓటమి ఒప్పుకోలేదు. అప్పుడు ఛైర్మన్ మధ్యే మార్గం చెప్పాడు. ఇప్పుడున్న వాళ్లకి అలవెన్సు ఉంచుదాం. ఇక మీదట చేరేవాళ్లని మాత్రం కాంట్రాక్టు మీద తీసుకుందాం, సగం జీతం, అలవెన్సు లేదు. సంఘం డబ్బూ మిగులుతుంది, ఎవరి నోటి దగ్గర కూడూ తీసినట్టు కాదు.

“నాకు సమ్మతమే,” అన్నాడు మందుల షాపాయన, వేళ్లను చూసుకుంటూ.

బేరమన్నాక ఇద్దరూ కొంత వదులుకోవాలి. షావుకారుకు అది సబబుగానే తోచింది. ఏడుగురూ చేతులెత్తారు. ఆయనా ఎత్తాడు.

టీచరమ్మ సంగతి పైఆఫీసుకు రాస్తామన్నారు. బయటికి వస్తుంటే నలుగురు టీచర్లు ఆవిడ చుట్టూ చేరారు. వాళ్లలో ఒకామె ఏదో చెప్పబోయింది. గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వచ్చింది. టీచరమ్మ ఆమె చెంప మీద చెయ్యి వేసి, మాట్లాడొద్దన్నట్టు తల ఊపింది.

*

కొలిచిన కాగితం మీద కొలిపించుకున్న మనిషి సంతకం ఉండాలని నియమం. సోమవారం పదకొండు దాటాక షావుకారు బడికి వెళ్లాడు.

“ఆవిడని పంపించేస్తూ శనివారమే కాగితం వచ్చేసింది,” అన్నాడు హెడ్మాస్టరు. “ఇవాళ అప్పగింతలు. కొత్తమ్మాయి పొద్దున్నే వచ్చింది. మొదటి కాంట్రాక్టు ఆమెదే. వెళ్లండి, టీచరమ్మ లోపలే ఉంది.”

వరండాలో సగం దూరం వెళ్లేసరికి గొంతు వినబడింది.

“ఆవిరై పైకి పోయిన నీరు చల్లబడి మళ్లీ కిందికి పడితే, దాన్ని మనం ఏమంటామంటే...”

“వాన!”

ఏ పిల్లదో ఈ వంతు, అనుకున్నాడు. తలుపు దగ్గరికి వచ్చాడు.

పిల్లలు కాదు. నల్లబల్ల దగ్గర ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి నిలబడి ఉంది. ఇస్త్రీ మడత విరగని బట్టలు, చేతిలో సుద్దముక్క. మాట్లాడుతున్నది ఆమె. స్వరం పడుచుది, తేటగా ఉంది. కానీ నడక ఆ నడకే. ఆ ఆగడమే. మొదటి మాట మీద ఆ ఒత్తే.

టీచరమ్మ చివరి బెంచీలో పిల్లల పక్కన కూర్చుని ఉంది. షావుకారు వంగి నడిచి వెళ్లి పక్కన ఇరుక్కున్నాడు.

“మీ దగ్గర చదువుకుందా?” అని గుసగుసగా అడిగాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపి, చీటీ మీద రాసి దగ్గరగా పట్టుకుంది. ‘ఈ ఊరు కాదు. తొమ్మిదింటికి వచ్చింది.’

షావుకారు గది వంక చూశాడు. ఆ అమ్మాయి ఒక వాక్యం చెబుతుంది. పిల్లలు వింటారు, రాయరు, కదలరు, రెప్ప కొట్టరు. పిచ్చిక అదే వాక్యాన్ని ఆ పాత గొంతుతో తిరిగి చెబుతుంది. అప్పుడు ముప్పై ఎనిమిది పెన్సిళ్లు కదులుతాయి. తర్వాతి వాక్యం ఆ అమ్మాయి నోట్లోంచి కాస్త అటుగా వంగి వస్తుంది. ఆమెకు తెలియదు. నవ్వుతూ, ఉత్సాహంగా, తన మొదటి రోజు బాగా నడుస్తోందన్న సంబరంతో వాళ్ల వెంట వెళ్లిపోతోంది. రెండు గంటల్లో ఇంత దూరం వచ్చేసింది.

షావుకారు కాగితం ఇచ్చాడు. టీచరమ్మ సున్నా కింద సంతకం చేసి తిరిగి ఇచ్చింది. పని అయిపోయింది, లేవాలి. ఆయన లేవలేదు. ఎదురుగా ఆ అమ్మాయి మెడను చూస్తున్నాడు. నున్నటి మెడ. రోడ్డు మీద లారీ వెళ్లింది. చివరి బెంచీకి వినబడాలని ఆమె గొంతు పెంచింది. మెడ పక్కన సన్నటి నరం లేచి మళ్లీ లోపలికి పోయింది.

కొత్త తాడు చుట్ట వచ్చినప్పుడు తెచ్చినవాణ్ని ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. అది నోట్లోంచి వచ్చేశాక గానీ ఏం అడిగాడో ఆయనకే తెలియలేదు.

“ఎన్నేళ్లు వస్తుంది?”

టీచరమ్మ ఆశ్చర్యపోలేదు. తల కొంచెం పక్కకి వంచి, కళ్లు మూసుకుని, రెండు వాక్యాలు విన్నది. చీటీ తిప్పి ‘పదకొండు’ అని రాసి ఆయన చేతిలో పెట్టింది.

బల్ల దగ్గర ఆ అమ్మాయి చిన్నగా దగ్గి, ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని, ఏమీ లేదన్నట్టు పిల్లలను చూసి నవ్వి, ఇంకాస్త గట్టిగా మొదలుపెట్టింది.

టీచరమ్మ కళ్లు తెరిచింది. చీటీ ఆయన చేతిలోంచి మళ్లీ తీసుకుని, రాసింది కొట్టేసి, ‘తొమ్మిది’ అని రాసింది.